పై పోర్షన్

మా సంఘ పెద్దగారికి జాజ్ పిచ్చి. మాదన్నపేట మండీ వెనక సందులో రేకుల కప్పు మందిరం, నిండా ముప్పై కుటుంబాలు లేని సంఘం, అందులో పింఛను తీసుకునే ఓ మాజీ గుమస్తాకు ఈ పిచ్చి ఎలా పట్టిందని అడక్కండి. అమెరికాలో ఉన్న కొడుకు పంపిన హెడ్‌ఫోన్లు పుట్టించిన తెగులు అది. డ్యూక్ ఎలింగ్టన్‌ను ఆయన డ్యూక్ గారు అనే అంటారు, పక్క వీధిలో ఉండే మనిషైనట్టు. డ్యూక్ గారు 1965లో శాన్‌ఫ్రాన్సిస్కో గ్రేస్ కెథడ్రల్లో బాకాలూ డ్రమ్ములూ పెట్టి దేవుడికి కచేరీ చేస్తే, మనం ఇంకా కీబోర్డులో ఒకే బీటు నొక్కి పాటలన్నీ లాగించేస్తున్నామే అని ఆయన దిగులు.

జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ పుట్టినరోజు దగ్గర పడింది. ఆ ఆదివారం సాయంత్రం ఆరాధనలో కింగ్ గురించి పెద్దగారు మాట్లాడడానికి పాస్టరు అయ్యగారు ఒప్పుకున్నారు. నేను వస్తూ వస్తూ ఉస్మానియాలో చదువుకుంటున్న ఓ టాంజానియా కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాను. కీబోర్డు వాయిస్తాడు. తెలుగు రాదు గనక పక్కన కూర్చుని చెవిలో అనువాదం చేసే పని నాది.

మందిరం గుమ్మంలోనే పెద్దగారు నన్ను పక్కకు పిలిచారు.

"బాబూ, మా పై పోర్షన్ రెండు నెలల్నించి ఖాళీగా ఉంది. మంచివాళ్లెవరైనా ఉంటే చూడు. కులం, మతం నేనడగనని నీకు తెలుసుగా."

"చూస్తానంకుల్" అన్నాను.

ఆ సాయంత్రం ఆయన మాట్లాడినట్టు అయ్యగారు ఏనాడూ మాట్లాడలేదు. (ఈ మాట అయ్యగారికి చేరవేయకండి.) కాటన్ క్లబ్‌తో మొదలుపెట్టారు. న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెం. ఆ పేట నడిబొడ్డునే ఆ క్లబ్బు. స్టేజీ మీద వాయించేది నల్లవాళ్లు, డ్యూక్ గారి బ్యాండు. బల్లల దగ్గర కూర్చుని వినేది తెల్లవాళ్లు. "మా ఊళ్లో గుడి ముందు డప్పు కొట్టేది మావాళ్లు, గుళ్లోకి వెళ్లేది వేరేవాళ్లు. క్లబ్బుకీ గుడికీ తేడా ఏముందండీ?" అన్నారు. వెనక వరసలో ముసలమ్మ ఒకావిడ "నిజమే నాయనా" అంది.

తర్వాత థామస్ డోర్సీ కథ. పాస్టరు కొడుకు. జార్జియా టామ్ అన్న పేరుతో బ్లూస్ పాడుకుంటూ తిరిగినవాడు. 1932లో భార్య పురుట్లోనే పోయింది, బిడ్డా దక్కలేదు. ఆ ఏడుపులోంచి ప్రభువును చెయ్యి పట్టుకొమ్మని వేడుకునే పాట కట్టాడు. మత్తు దుకాణాల బాణీ అని చాలా చర్చిలు మొదట్లో అతని పాటల్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. కింగ్‌కు ప్రాణమైన పాట అదే. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం మెంఫిస్‌లో మోటల్ వరండాలో నిలబడి, కిందనున్న శాక్సోఫోన్ కళాకారుడు బెన్ బ్రాంచ్‌తో ఈ రాత్రి సభలో అది బాగా వాయించాలని చెప్పాడు. ఆ వెంటనే తూటా తగిలింది.

మందిరంలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. కుర్రాడు తల దించుకున్నాడు.

అక్కణ్ణుంచి పెద్దగారు సొంత ఇంటి సంగతిలోకి వచ్చారు. వాళ్లది ఒంగోలు వైపు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు, దాదాపు అందరూ మాదిగలే. ఆ వరసలో ఆయన ముత్తాత కూడా ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ముత్తాత జాతరకు డప్పు కొట్టనన్నాడు. ఊరు పని ఇవ్వడం మానేసింది. "డప్పు మీద కోపంతో కాదండీ, వెట్టి మీద కోపంతో మానేశాడు. అది తెలీక మనం ఈనాటికీ డప్పును మందిరంలోకి రానివ్వం." ఈ ఒక్క మాట కోసమైనా ఆయన్ను ఏటా మాట్లాడించాలి.

1959లో కింగ్ మన దేశం వచ్చిన ముచ్చటా చెప్పారు. తిరువనంతపురంలో ఓ బడికి వెళ్తే, అక్కడి పెద్ద మాస్టారు పిల్లలకు ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన మన తోటి అంటరానివాడని పరిచయం చేశాడట. కింగ్‌కు ముందు చివుక్కుమంది. ఆలోచించుకున్నాక అవును, నేనూ అంటరానివాణ్ణే అనుకున్నాడు. 1965లో తన చర్చిలో ప్రసంగిస్తూ ఆయనే ఇది చెప్పుకున్నాడు.

"మన సంగతేమిటి? క్రైస్తవులమైనందుకు 1950 ఉత్తర్వుతో ఎస్సీ హోదా పోయింది. కులం మాత్రం పోలేదు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో సైదాబాద్‌లో ఒకాయన ఇల్లు చూపించాడు. అద్దె కుదిరింది, అడ్వాన్సు చేతిలో పెట్టబోతున్నా. 'ఇంతకీ మీరేంట్లు?' అన్నాడు. చెప్పాను. ఆయన కసరలేదండీ, పొమ్మనలేదు. మజ్జిగ కూడా ఇప్పించాడు. 'అయ్యో, మా తమ్ముడు ఊర్నించి వస్తున్నాడు, ఆ పోర్షన్ వాడికి కావాలి, మర్చేపోయాను' అన్నాడు. నలభై ఏళ్లు దాటింది. ఆ తమ్ముడు ఏ బస్సెక్కాడో, ఈనాటికీ దిగలేదు."

మందిరమంతా ఘొల్లుమంది. నా అనువాదం పూర్తయ్యేసరికి ఒక క్షణం పట్టింది గనక, అందరి నవ్వూ ఆగాక కుర్రాడొక్కడే గట్టిగా నవ్వాడు. అది చూసి మళ్లీ అందరూ నవ్వారు.

అతణ్ణి కీబోర్డు ముందు కూర్చోబెట్టాం. డోర్సీ పాటే ఎత్తుకున్నాడు. మేం రోజూ నొక్కే ఆ నాసిరకం కీబోర్డులో ఇన్ని స్వరాలున్నాయని ఎవరికి తెలుసు! సగం పాటలో ఉండగా సందులోంచి పెళ్లి బారాత్ వచ్చింది, మర్ఫా మోతతో. అరబ్బులూ ఆఫ్రికా సిద్దీలూ నిజాం కాలంలో ఈ ఊరికి తెచ్చిన వాద్యం అది. ఆ సిద్దీల గుర్రపు దళం పేరే ఏసీ గార్డ్స్ పేటకు మిగిలింది. మా వాళ్లు గబగబా కిటికీలు మూయబోయారు. కుర్రాడు వద్దని తలూపి, బయటి దరువును ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. కుడి చెయ్యి ప్రార్థిస్తూనే ఉంది. బారాత్ మలుపు తిరిగాక కూడా ఆ దరువును అతను వదల్లేదు.

పెద్దగారు ఏడ్చేశారు. పాట ఆగగానే వెళ్లి కావిలించుకుని, "యూ ఆర్ మై బ్రదర్! మై ఓన్ బ్రదర్!" అన్నారు. వచ్చే ఆదివారం డప్పు కూడా తెప్పిస్తానని అందరి ముందూ మాటిచ్చారు.

ఆరాధన అయ్యాక చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. కుర్రాడు మాటల్లో హాస్టల్ ఖాళీ చేయాల్సి వస్తోందనీ, గది దొరకడం లేదనీ అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పట్టుకుని పెద్దగారి దగ్గరికి తీసుకెళ్లాను.

"అంకుల్, మీ పై పోర్షన్‌కి మనిషి దొరికాడు. రెండు నెలల అడ్వాన్సు రేపే ఇస్తాడట."

పెద్దగారు చాయ్ కప్పు సాసర్లో పెట్టారు. వాళ్లావిడ వైపు చూశారు. ఆవిడ బిస్కెట్ల పళ్లెం వైపు చూశారు. ఆయన కుర్రాడి భుజం మీద ప్రేమగా చెయ్యి వేసి, నా అనువాదం అక్కర్లేకుండా ఇంగ్లీషులోనే చెప్పారు: అయ్యో, మర్చేపోయాను, ఆ పోర్షన్ కావాలి, మా తమ్ముడు ఊర్నించి వస్తున్నాడు.

కుర్రాడు నా వైపు తిరిగి, మెల్లిగా అడిగాడు.

"అదే తమ్ముడా?"