పెద్ద యంత్రానికి తలకిందుల దారి

మెయిన్‌ఫ్రేమ్ మీద లైనక్స్ నేర్చుకోవాలంటే అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు పోవద్దు. సికింద్రాబాద్ రైలెక్కి, హాస్టల్లో చేరి, కోర్సు పూర్తి చేసుకుని రమ్మని ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఇళ్లలో ఏళ్ల తరబడి చెబుతున్నారు. కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 నేర్చి బ్యాంకుల ప్రాజెక్టుల్లో చేరదలిస్తే ఆ మాట వినండి. లైనక్స్ వైపు వెళ్లదలిస్తే మాత్రం దుమ్ముగూడెంలోనో చర్లలోనో మీ ఇంట్లోనే కూర్చోండి. పాత లాప్‌టాప్, తక్కువ మెమరీ, వచ్చీరాని నెట్టు ఉన్నాయా? ఈ విద్యకు ఇంతకంటే మంచి బడి నాకు తెలిసి లేదు. ఓదార్చడానికి అంటున్న మాట కాదిది.

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌కు లైనక్స్ వచ్చి పాతికేళ్లు దాటింది. లినాస్ వెప్‌స్టాస్, ఆయనతో చేరిన కొందరు ప్రోగ్రామర్లు 'బిగ్‌ఫుట్' పేరుతో సొంతంగా మొదలుపెట్టారు. ఈలోగా జర్మనీలో బోబ్లింగెన్ దగ్గర ఉన్న ఐబీఎం ల్యాబ్ ఇంజినీర్లు తమ రూపం ఒకటి సిద్ధం చేసి 1999 డిసెంబరులో బయటపెట్టారు. నిలిచింది అదే. ఇవాళ రెడ్‌హ్యాట్, సూసే, ఉబుంటు, డెబియన్ నాలుగూ ఆ యంత్రం మీద నడుస్తాయి. ఒక్క లైనక్స్ కోసమే లైనక్స్‌వన్ అనే యంత్రాల వరసను ఐబీఎం 2015లో తెచ్చింది. అయితే అసలు సంగతి పంపకంలో ఉంది. జెడ్‌వీఎం అనే హైపర్‌వైజర్ కింద వందల లైనక్స్‌లు ఒకే యంత్రాన్ని పంచుకుంటాయి. ఒక్కోదాన్ని గెస్ట్ అంటారు. 2000 నాటికే డేవిడ్ బోయెస్ అనే నిపుణుడు ఒక యంత్రం మీద 41,400 లైనక్స్‌లను లేపి చూపించాడు. అంతమందితో పంచుకునేచోట, సొంత పీసీ మీద మంచివనిపించిన అలవాట్లే ఎక్కువ నష్టం చేస్తాయి. అందుకే ఇక్కడ చెప్పేవి తప్పుడు సలహాల్లా వినిపిస్తాయి. వినిపించినా పాటించండి.

లాప్‌టాప్‌ను మెయిన్‌ఫ్రేమ్‌లా నడిపించేది ఎమ్యులేటర్. అందులో సులువైనదాన్ని పక్కన పెట్టండి. క్యూఈఎంయూ మీద ఎస్390ఎక్స్ లైనక్స్, అంటే మెయిన్‌ఫ్రేమ్ లైనక్స్, చకచకా లేస్తుంది. కానీ అందులో డిస్కు, నెట్‌వర్కు అన్నీ వర్టియో పరికరాలే. మెయిన్‌ఫ్రేమ్‌కు ప్రత్యేకమైన డిస్కులుగానీ పంచ్‌కార్డులు చదివే రీడరుగానీ మీ చేతికి తగలవు. రోజర్ బౌలర్ 1999లో మొదలుపెట్టిన హెర్క్యులిస్‌ను తీసుకోండి. నెమ్మదిగా ఉంటుంది, ఇన్‌స్టలేషన్‌కు రాత్రంతా పట్టినా పట్టవచ్చు. ఆ నెమ్మదిలోనే ఒక్కో మెట్టూ కంటికి కనిపిస్తుంది. దాని మీదకు సరికొత్త లైనక్స్ కూడా వద్దు. రెడ్‌హ్యాట్ 8 లాంటివి జెడ్13 కంటే పాత ప్రాసెసర్ మీద లేవనే లేవవు. కొన్నేళ్ల కిందటి డెబియన్ చాలు. అది నేర్చుకోవడానికే సుమా, బయటి నెట్‌వర్కుకు తగిలించడానికి కాదు.

నెట్టు బాగుండే దాకా ఆగకండి. ఖమ్మం వెళ్లినప్పుడు డెబ్‌మిర్రర్‌తో ఎస్390ఎక్స్ భాగం మాత్రమే ఒక బయటి హార్డ్‌డిస్కులోకి దించుకోండి. కొన్ని పదుల గిగాబైట్లు ఉంటుంది. ఇంటికొచ్చాక లాప్‌టాప్ మీదే చిన్న వెబ్ సర్వర్ లేపి ఇన్‌స్టాలర్‌కు ఆ చిరునామా ఇవ్వండి. బ్యాంకుల డేటా సెంటర్లలోనూ మెయిన్‌ఫ్రేమ్ గెస్టులకు నేరుగా ఇంటర్‌నెట్ ఇవ్వడం అరుదు. లోపలి సర్వరు నుంచే ప్యాకేజీలు తెచ్చుకుంటాయి. చర్లలో సిగ్నల్ లేక మీరు చేసే పనిని వాళ్లు భద్రత కోసం కావాలని చేస్తారు.

ఇక కార్డులు. డీవీడీ నుంచో పెన్‌డ్రైవ్ నుంచో బూట్ చేసే పద్ధతుల కోసం వెతక్కండి, కార్డు రీడరు నుంచే లేపండి. హెర్క్యులిస్ కాన్ఫిగరేషన్ ఫైల్లో 000సీ అనే చిరునామా దగ్గర 3505 అనే కార్డు రీడరును పెట్టి, దాని ఎదురుగా మూడు ఫైళ్ల పేర్లు వరసగా రాయండి: కెర్నెల్, పరామితుల ఫైలు, ఇనిట్‌ఆర్‌డీ. వరస తప్పకూడదు. చివర 'ఆటోపాడ్', 'ఈఓఎఫ్' అని చేర్చండి. ఒక్కో కార్డుకు 80 బైట్లు. ఆఖరి కార్డు నిండకపోతే ఆటోపాడ్ ఖాళీని నింపుతుంది. 4 మెగాబైట్ల కెర్నెల్ అంటే 50 వేల కార్డుల దొంతర అన్నమాట. ఆ తర్వాత 'ఐపీఎల్ సీ' అని (ఐపీఎల్ అంటే ఇక్కడ బూట్ చేయడమే) కొడితే ఆ దొంతర చివరిదాకా చదివి లైనక్స్ లేస్తుంది.

ఇది మ్యూజియం ముచ్చట అనుకుంటారేమో. జెడ్‌వీఎం కింద అసలైన రెడ్‌హ్యాట్‌నో సూసేనో ఎక్కించే మామూలు పద్ధతి కూడా ఇదే. అక్కడ రీడరును జెడ్‌వీఎం సృష్టిస్తుంది, అంతే తేడా. పాత కార్డులను 'పర్జ్'తో తీసేసి, పంచ్‌ను మన రీడరుకే తిప్పుకుని, మూడు ఫైళ్లనూ అదే వరసలో పంచ్ చేసి, 00సీ నుంచి ఐపీఎల్ చేస్తారు. ఎఫ్‌టీపీలో ఫైలు పంపేటప్పుడు బైనరీ, 80 బైట్ల స్థిర రికార్డు అని ముందే చెప్పకపోతే కెర్నెల్ ముక్కచెక్కలై లేవకుండా పడి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటివారం తగిలే దెబ్బ ఇది. కార్డు అంటే 80 బైట్లని ఇంట్లోనే చేత్తో నేర్చుకున్నవాడికి ఆ దెబ్బ తగలదు.

పరామితుల ఫైలును కుదించి రాయడం అలవాటు చేసుకోండి. పాత కెర్నెళ్లు మొత్తం 896 అక్షరాలకు మించి తీసుకోవు.

ఇన్‌స్టలేషన్ మొదలయ్యాక ఎడిటర్ కోసం చూడకండి. మొదట వచ్చేది ఒక్కో లైనే తీసుకునే కన్సోల్. అందులో బాణం గుర్తులు పనిచేయవు, వీఐ తెరుచుకోదు. హెర్క్యులిస్‌లో లైనక్స్‌కు జవాబు చెప్పాలంటే ముందు ఒక చుక్క పెట్టి రాయాలి. చుక్క మరిచిపోతే మీ జవాబు లైనక్స్‌కు చేరదు, హెర్క్యులిస్ దాన్ని తన ఆజ్ఞ అనుకుంటుంది. "సార్, ఆగిపోయింది" అని పిల్లలు నా దగ్గరకు లాప్‌టాప్ తెచ్చినప్పుడు ముందు ఆ చుక్క కోసమే చూస్తాను. అసలు యంత్రం మీద 3270 అనే టెర్మినల్ తెరలోనైతే కంట్రోల్-సీ నొక్కినా లైనక్స్‌కు అందదు. టోపీ గుర్తు ఒకటి, సీ అక్షరం ఒకటి విడివిడిగా కొట్టి ఎంటర్ నొక్కాలి. కాబట్టి ఎడ్, సెడ్ అనే రెండు పాత పనిముట్లను ఇప్పుడే నేర్చుకోండి. నెట్‌వర్క్ పాడైన రాత్రి ఎస్ఎస్‌హెచ్ ఉండదు. నెట్‌వర్క్ ఫైల్లో ఒక్క అంకె మార్చాలంటే ఆ రెండే దిక్కు.

డిస్కు పెద్దది పెట్టుకోకండి. 3390 మోడల్ 3 సరిపోతుంది. 3,339 సిలిండర్లు, సిలిండరుకు 15 ట్రాకులు, ట్రాకుకు 56,664 బైట్లు. లెక్కగడితే 2.8 గిగాబైట్ల పైచిలుకు. దాన్ని డాస్డ్‌ఎఫ్‌ఎంటీతో 4,096 బైట్ల దిమ్మెలుగా ఫార్మాట్ చేస్తే ట్రాకుకు 12 దిమ్మెలే పడతాయి, చేతికి 2.46 గిగాబైట్లు మిగులుతుంది. ఈ గుణకారం మీరే కాగితం మీద చేయండి. దిమ్మె చిన్నదైతే ట్రాకులో ఎంత చోటు వృథా అవుతుందో అప్పుడు అర్థమవుతుంది. ఆ తర్వాత ఎఫ్‌డాస్డ్‌తో విభజించండి, మూడు భాగాలకు మించి కుదరదు. ఇంత ఇరుకులో డెబియన్ ఎక్కించాలంటే ఏ ప్యాకేజీ అవసరమో, ఏది కాదో ఒక్కొక్కటిగా తేల్చుకోక తప్పదు. గ్రాఫిక్ తెర జోలికి అసలే పోకండి.

మెమరీ విషయంలో ఇంకా పిసినారితనం చూపండి. నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టే సలహా ఇదే, అందరూ వాదనకు దిగేదీ దీని మీదే. పీసీ మీద ఎంత మెమరీ ఉంటే అంత మంచిది, ఖాళీగా ఉన్నదాన్ని లైనక్స్ ఫైళ్ల కాష్‌గా వాడుకుంటుంది. జెడ్‌వీఎం కింద ఆ గుణమే చేటు. 8 గిగాబైట్లు ఇచ్చిన గెస్టు అవసరం ఉన్నా లేకపోయినా ఆ ఎనిమిదింటినీ కాష్‌తో నింపేసుకుని కూర్చుంటుంది. హైపర్‌వైజర్‌కు అందులో ఏది పనికొచ్చేదో, ఏది కాదో తెలియదు. అన్నిటినీ మోయాలి, చోటు చాలకపోతే డిస్కు మీదకు తోయాలి. అందుకే అనుభవం ఉన్న అడ్మిన్లు గెస్టు మెమరీని తగ్గించుకుంటూ పోతారు, అది స్వాప్ అంచుకు వచ్చేదాకా. కొంచెం స్వాప్ చేస్తే చేయనివ్వండి. ఆ స్వాప్‌ను మెమరీలోనే ఉండే వీడిస్క్ అనే డిస్కు మీద పెడతారు, అది వాడినప్పుడే నిజమైన మెమరీ తీసుకుంటుంది. మీ హెర్క్యులిస్‌కు 512 మెగాబైట్లు ఇచ్చి, అది ఇబ్బంది పడేచోటు ఎక్కడో మీ కళ్లతో చూడండి. పాత లాప్‌టాప్ ఎలాగూ అంతకంటే ఎక్కువ ఇవ్వనివ్వదు.

సీపీయూ నూటికి నూరు వాడుతోందని కంగారుపడి అడ్డుకోకండి. మెయిన్‌ఫ్రేమ్‌ను కొనేదే నిండుగా నడపడానికి. టాప్ ఆజ్ఞలో 'ఎస్‌టీ' అనే నిలువు వరసను చూడండి. మీ గెస్టు పనిచేయడానికి సిద్ధంగా ఉన్నా హైపర్‌వైజర్ సీపీయూ ఇవ్వలేకపోయిన సమయం అది. పీసీ వాడకంలో సున్నా తప్ప కనిపించదు కనుక ఎవరూ దాని వంక చూడరు. ఇక్కడ మొదట చూడాల్సింది అదే.

గెస్టులను అస్తమానం పలకరించకండి. నిమిషానికోసారి ప్రతి సర్వరునూ "ఉన్నావా" అని అడిగే మానిటరింగ్ బయట గొప్ప జాగ్రత్త. ఇక్కడ నిద్రపోతున్న వంద గెస్టులను అకారణంగా లేపినట్టు. లేచిన ప్రతిదాని పేజీలనూ జెడ్‌వీఎం మెమరీలో ఉంచాల్సి వస్తుంది. వరదొచ్చినప్పుడు భద్రాచలంలో నీటిమట్టం నది దగ్గర ఒక్కచోట చూస్తారు: 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడూ అక్కడి అంకెను బట్టే ఊళ్లు ఖాళీ చేయించారు, ఇంటింటికీ వెళ్లి గుమ్మంలోకి నీళ్లొచ్చాయా అని అడుగుతూ కూర్చోలేదు. జెడ్‌వీఎం కూడా తన దగ్గరే అన్ని గెస్టుల లెక్కలూ పోగుచేస్తుంది. అక్కడే చూడండి. డెబియన్‌లో ఇంకో చిక్కుంది. రోజువారీ క్రాన్ పనులు ఉదయం 6:25కు మొదలయ్యేలా రాసి ఉంటాయి. ఒక్క పీసీకి అది ఏ సమయమైనా ఒకటే. వంద గెస్టులు ఒకే యంత్రం మీద 6:25కు ఒక్కసారిగా ఆ పనులు మొదలుపెడితే, పని మొదలుపెట్టే వేళకు యంత్రం ఉక్కిరిబిక్కిరవుతుంది. ఒక్కోదానికి ఒక్కో సమయం పెట్టి, ఆ పట్టికను నోటుబుక్కులో రాసుకోండి.

బాగా నడుస్తున్న దాన్ని పాడుచేయండి. నిజంగానే అంటున్నాను. హెర్క్యులిస్ డిస్కు అంటే మీ లాప్‌టాప్‌లో ఒక ఫైలే. ముందు దానికి నకలు తీసుకోండి. తర్వాత కొత్త కెర్నెల్ ఎక్కించి, జిప్ఎల్ నడపకుండా పాత కెర్నెల్ ఫైలు తీసేసి, ఖాళీ అయిన చోటును వేరే ఫైళ్లతో నింపి, మళ్లీ ఐపీఎల్ చేయండి. జిప్ఎల్ అనే బూట్ లోడర్ ఫైలు పేర్లతో పనిచేయదు. కెర్నెల్ డిస్కు మీద ఏయే దిమ్మెల్లో ఉందో రాసిపెట్టుకుని, లేచేటప్పుడు ఆ దిమ్మెలనే చదువుతుంది. దాని కాన్ఫిగరేషన్ ఫైలు మార్చినా, కెర్నెల్ మారినా జిప్ఎల్‌ను మళ్లీ నడపాల్సింది ఇందుకే. నడపకపోతే ఆ దిమ్మెల్లో వేరే ఏదో ఉంటుంది, యంత్రం 'డిసేబుల్డ్ వెయిట్' అని ఒక్క ముక్క చెప్పి నోరు మూసుకుంటుంది. ఇక బాగుచేయండి: ఇన్‌స్టాలర్‌ను మళ్లీ కార్డు రీడరు నుంచి లేపి, డిస్కును చిరునామాతో ఆన్‌లైన్ చేసి, మౌంట్ చేసి, లోపలికి ఛ్‌రూట్ అయి, జిప్ఎల్ నడిపి, బయటికి రండి. చూడకుండా చేయగలిగేదాకా ఇదే మళ్లీ మళ్లీ చేయండి. ఉద్యోగంలో ఈ పని ఎవరైనా వెనక నిలబడి గడియారం చూస్తుండగా వస్తుంది.

1972 నాటి వ్యవస్థ నేర్చుకోండి. జెడ్‌వీఎం లైసెన్సు మనకు దొరకదు, దొంగకాపీ జోలికి వెళ్లవద్దు. దాని పూర్వరూపం వీఎం/370 మాత్రం ఉచితంగా దొరుకుతుంది, హెర్క్యులిస్ మీద హాయిగా నడుస్తుంది. దాని కింద ఇప్పటి లైనక్స్ లేవదు, కాబట్టి రెంటినీ విడివిడిగానే నేర్చుకోవాలి. ఆజ్ఞలు మాత్రం యాభై ఏళ్లుగా పెద్దగా మారలేదు. తెర నిండితే కుడివైపు అడుగున 'మోర్' అని పడటం, అప్పుడు ఎంటర్ నొక్కితే 'హోల్డింగ్'లో ఇరుక్కుని తెర తుడిచేదాకా కదలకపోవడం అన్నీ ఇక్కడే అలవాటవుతాయి. ముఖ్యంగా రెండు ఆజ్ఞల తేడా. డిస్కనెక్ట్ అంటే మీరు బయటికొస్తారు, గెస్టు నడుస్తూనే ఉంటుంది. లాగాఫ్ అంటే గెస్టు కూడా పోతుంది. పీసీ అలవాటుతో పని ముగిశాక మర్యాదగా లాగాఫ్ అయిన అడ్మిన్, ఆ మర్యాదతోనే నడుస్తున్న సర్వరును కూల్చేస్తాడు.

ఇంత చేశాక నిజమైన యంత్రం కోసం అడగండి. లైనక్స్‌వన్ కమ్యూనిటీ క్లౌడ్ కింద కొన్నాళ్లు ఉచితంగా ఒక గెస్టు ఇస్తారు. అక్కడ ఇన్‌స్టలేషన్, కన్సోల్ మీ చేతిలో ఉండవు, అందుకే ముందు హెర్క్యులిస్ అన్నాను. దాని మీద వెబ్‌సైట్ పెట్టి సమయం పాడుచేసుకోకండి. తెలుగు రాసే, చదివే ప్రోగ్రాములను దాని మీద నడిపి తప్పులు పట్టండి. ఎస్390ఎక్స్ బిగ్-ఎండియన్ యంత్రం, పెద్ద బైటును ముందు రాస్తుంది. మన లాప్‌టాపులు చిన్న బైటును ముందు రాస్తాయి. డెబియన్ 11 నుంచి అధికారికంగా మిగిలిన బిగ్-ఎండియన్ యంత్రం ఇదొక్కటే, పరీక్షించే చేతులు తక్కువ. యూనికోడ్‌లో 'అ' సంఖ్య 0సీ05. యూటీఎఫ్-16లో ఈ యంత్రం దాన్ని 0సీ, 05 అని రాస్తుంది, లాప్‌టాప్ 05, 0సీ అని రాస్తుంది. బైట్ల వరస పట్టించుకోని ప్రోగ్రాము ఒకచోట రాసినదాన్ని రెండోచోట చదివితే 'అ' కాస్తా 050సీ అయి, రష్యా ఉత్తరాన కోమి భాషకు వాడిన సిరిలిక్ అక్షరంగా తెరమీద పడుతుంది. అలాంటిది దొరికితే రెండు యంత్రాల మీదా ఆ ఫైలు బైట్లను హెక్స్‌డంప్ తీసి, పక్కపక్కన పెట్టి, ప్యాకేజీ వెర్షన్ రాసి, డెబియన్ బగ్ ట్రాకర్‌కు పంపండి. రిపోర్ట్‌బగ్ అనే ప్రోగ్రాముకు వెబ్ బ్రౌజర్ అక్కర్లేదు, నివేదిక మామూలు ఈమెయిల్‌గా వెళ్తుంది, కాబట్టి సిగ్నల్ దొరికిన కాసేపట్లో చర్ల నుంచైనా పంపవచ్చు.