అత్తగారి బిందె, నా హస్తవాసి

మా ఇంట్లో ఏ వస్తువు పాడైనా ముందు నన్ను వెతుకుతారు. బాగు చేయించడానికి కాదు, ఆ చుట్టుపక్కల నేను తిరిగానో లేదో తేల్చుకోవడానికి. ఫ్యాను ఆగినా, కుళాయి కారినా, గోడ గడియారం వెనక్కి నడిచినా మా ఆవిడ మొదటి ప్రశ్న ఒకటే: "మీరేమన్నా ముట్టుకున్నారా?" పాతికేళ్ల కాపురంలో ఈ ప్రశ్నకు "లేదు" అని నిజం చెప్పే భాగ్యం నాకు రెండు మూడు సార్లకు మించి దక్కలేదు.

ఈసారి ముట్టుకున్నది చిన్న వస్తువు కాదు. మా అత్త పెళ్లిలో పెట్టిన ఇత్తడి బిందెల జత. మాది బొల్లాపల్లి. నీళ్ల విలువ తెలిసిన ఊరు. వరికపూడిశెల ఎత్తిపోతల నీళ్లు ఇదిగో వస్తున్నాయి, అదిగో వస్తున్నాయి అని వింటూ తల నెరిసిన తరం మాది. ఇట్టాంటి ఊరికి పిల్లనిచ్చేవాళ్లు బంగారం దగ్గర కాస్త అటూ ఇటూ అయినా బిందెల దగ్గర మాత్రం రాజీపడరు. వాటిలో ఒకదాని అడుగున రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ ఉండేది. అది చేసినవాళ్ల ముద్ర అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేవాణ్ణి. తణుకు వైపు అజ్జరం ఇత్తడి సామానుకు పేరు గదా, దానికి "అజ్జరం ముద్ర" అని నేనే నామకరణం చేశాను. ఎవరూ అడగలేదు. నాకే ఆగలేదు.

తర్వాత ప్లాస్టిక్ బిందెలొచ్చాయి, 20 లీటర్ల నీళ్ల క్యాన్లొచ్చాయి. ఇత్తడి జత అటకెక్కింది. పోయినేడు ఎండాకాలం, మా ఆవిడ పుట్టింటికి వెళ్లినప్పుడు, అటక సర్దుదామన్న సద్బుద్ధి నాకు పుట్టింది. మచ్చ లేని బిందె నా చేతిలోంచి జారింది. గచ్చు మీద పడి మెడ దగ్గర అరచేయంత సొట్ట పడింది.

ఇక్కడ ఆగి ఉంటే నేరం చిన్నదే. కానీ సొట్ట తీయడం నాకు వచ్చు అనుకున్నాను. లోపల రోకలి ఆనించి, బయట నుంచి సుత్తితో కొట్టాను. సొట్ట ఒకటి పోయి మూడు వచ్చాయి. ఆ మూడింటినీ కొడితే మెడంతా అల్లోనేరేడు పళ్లు పరిచినట్టు అయింది. రెండు రోజులు కొట్టాను. మొదట్లో సుత్తి దెబ్బకి లొంగిన ఇత్తడి, రెండో రోజుకి మొండికేసింది. మీటితే "ఖణేల్" మంటోంది. బిందెని ముందుకంటే గట్టిగా చేశానని మురిసిపోయాను. అయినా ఆవిడ కంట పడకూడదు గనక గొడ్లచావిడిలో, బర్రెల ఉచ్చ పారే కాలువ పక్కన, చిరిగిన యూరియా బస్తా వెనకాల దాచాను. ఆవిడ ముక్కు మూసుకోకుండా రాలేని చోటు ఇల్లు మొత్తం మీద అదొక్కటే.

వానాకాలం వచ్చింది, పోయింది. సంక్రాంతికి అత్త వస్తోందని కబురొచ్చింది. బిందెల మాట రాక మానదు. రాత్రి అందరూ పడుకున్నాక చావిడిలోకి వెళ్లి, బజార్లో దొరికే ఇత్తడి పాలిషు డబ్బా మూత తీశాను. ఘాటుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటు ఎంత ఉంటే మందు అంత గొప్పది అని మా నాయన సిద్ధాంతం. గుడ్డతో రుద్దాను. మెరుస్తోంది. మెడ మీద మాత్రం వెంట్రుకలు నాలుగు అంటుకున్నట్టున్నాయి. ఊదాను. పోలేదు. గోటితో గీకాను. గోరు పట్టుకుంది. చెంబుడు నీళ్లు పోసి చూస్తే, ఆ నాలుగు వెంట్రుకల పొడుగునా చెమట పట్టినట్టు నీటి బొట్లు వరసగా నిలబడ్డాయి. అంచు నుంచి కిందికి, నిలువుగా నాలుగు పగుళ్లు. సుత్తి దింపి ఏడు నెలలైంది. అప్పటి నుంచి ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, నాతో సహా.

దాచడం కుదరని ఘడియ మా బావమరిది రూపంలో వచ్చింది. సైన్యంలో ఆయుధాల కొట్టంలో పనిచేసి రిటైరైన మనిషి. పొద్దున్నే పళ్లు తోముకుంటూ చావిడిలోకి వచ్చి బిందె చూశాడు. వేపపుల్ల తీసి ఊశాడు.

"బావా, దీన్ని నువ్వు పగలగొట్టలా. శాస్త్రోక్తంగా పగిలేట్టు చేశావు."

అక్కడే కుడితి గోలెం అంచు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. మా వైపు తూటా అనే మాట గొంతు తగ్గించి అంటారు. ఆయన మాత్రం నలుగురూ వినేట్టు అన్నాడు. రైఫిల్ తూటా తొడుగు కూడా ఇత్తడే. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. దానికీ బిందె లాగే మెడ ఉంటుంది. గుండుని పట్టుకుని ఉండేది ఆ మెడే. బ్రిటిషు వాళ్ల కాలంలో మన దేశంలో వానలొస్తే తూటాల పెట్టెలు గుర్రపుసాలల్లో పెట్టేవాళ్లట. వానలు వెలిశాక తీస్తే తొడుగులు పగిలి ఉండేవి. ఎవరూ కాల్చలేదు, ఎవరూ కొట్టలేదు. ఋతువు మారితే పగులుతున్నాయి గనక దానికి "సీజన్ క్రాకింగ్" అని పేరు పెట్టి ఊరుకున్నారు. అసలు దొంగను 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు పట్టుకున్నారు: గుర్రాల ఉచ్చ నుంచి లేచే అమ్మోనియా.

"అమ్మోనియా ఒక్కటే అయితే ఏం కాదు బావా. మూడూ కలవాలి. ఒకటి, ఇత్తడిని చల్లగా ఉండగా కొట్టినా, లాగినా, నొక్కినా లోపల మిగిలిపోయే బిగువు. రెండు, అమ్మోనియా. మూడు, తేమ." వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "సుత్తితో బిగువు నువ్వే ఎక్కించావు. బర్రెల దగ్గర పెట్టి అమ్మోనియా నువ్వే పట్టించావు. తేమకి వానాకాలం అంతా ఉంచావు. చాలదన్నట్టు, ఆ పాలిషు డబ్బాలో ఘాటు ఏందనుకున్నావు? అదీ అమ్మోనియానే."

నేను ఉచ్చ కాలువ వంక చూశాను. బర్రె నా వంక చూసింది. మా ఇద్దరిలో నేరం తెలియక చేసింది అదొక్కటే.

విరుగుడు కూడా ఆయనే చెప్పాడు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. అమెరికా లాంటి చోట్ల మాత్రం కాల్చిన తొడుగుల్ని ఏరుకుని, మళ్లీ నింపుకుని వాడేవాళ్లు బోలెడు మంది. కాల్చినప్పుడల్లా మెడ విచ్చుకుంటుంది, మళ్లీ నింపేటప్పుడు అచ్చులో పెట్టి బిగిస్తారు. తీగని అటూ ఇటూ వంచితే ఏమవుతుందో దానికీ అదే అవుతుంది: గట్టిపడి, పెళుసుబారి, నిలువునా చీలుతుంది. అందుకని కొన్ని సార్లు వాడాక మెడని సెగ చూపించి మెత్తబరుస్తారు. దాన్ని అనీలింగ్ అంటారు. కిటుకంతా మెడతో ఆపడంలో ఉంది. అడుగు మెత్తబడితే పేలుడు ఒత్తిడికి ఆగదు. పాతకాలపు పద్ధతిలో తొడుగుల్ని పళ్లెంలో నీళ్లు పోసి నిలబెట్టి, పైకి తేలిన మెడకి కొన్ని సెకన్లు మాత్రమే మంట చూపించి, నీళ్లలోకి పడదోస్తారు. ఎర్రగా కాలిందంటే అతి అయినట్టే. సైన్యం తూటాల మెడ చుట్టూ కనిపించే నీలిగోధుమ వన్నె ఆ సెగ తాలూకు గుర్తే.

"ఆ రెండో బిందెకి ఈ గతి పట్టకుండా కాస్త సెగ చూపిస్తే సరి" అన్నాను.

"దాన్ని నువ్వు కొట్టలేదుగా. వదిలెయ్" అన్నాడు.

వదిలేస్తే నేను నేనెందుకవుతాను? ఆయన వినుకొండ వెళ్లగానే రెండో బిందె దించాను. నీళ్లలో అడుగు ఉంచాలన్న మాట గుర్తుంది. కానీ నాకు కమ్మరి కొలిమి దగ్గర పెరిగిన జ్ఞానం ఒకటుంది. కొడవలి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. మెత్తబరచాల్సిన దాన్ని నీళ్లలో పెట్టడమేంది అని నీళ్లు ఎత్తేశాను. ఇనుముకి చెల్లే శాస్త్రం ఇత్తడికి చెల్లదని, కాలిన ఇత్తడి నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుందని, నీళ్లు పెట్టేది సెగ అడుగుకి పాకకుండా ఆపడానికని సాయంత్రం తెలిసింది. పొద్దున మాత్రం పిడకలు రాజేసి బిందెని బోర్లించాను. మెడ కింద నిప్పు, అడుగు పైన. సెగ పైకే పోతుందన్న సంగతి ఏ తరగతిలో చెప్పారో, ఆ రోజు నేను బడి ఎగ్గొట్టాను.

కాసేపటికి అజ్జరం ముద్ర మెరిసింది. వెండిలా తళతళలాడి, వణికి, బొట్టుగా మారి జారింది. చిన్న రేకు బిళ్ల ఊడి బూడిదలో పడింది. దాని చోట బొటనవేలు పట్టే బెజ్జం.

సరిగ్గా అప్పుడే అత్త, వెనక మా ఆవిడ.

"మీరేమన్నా..." అని మొదలుపెట్టి ఆవిడ పూర్తి చేయలేదు. అవసరం కనపడలేదు.

అత్త కట్టెపుల్లతో బూడిద కెలికి ఆ బిళ్ల తీసి, కొంగుతో తుడిచి చూసుకుంది. "ఇదా! ఇది మీ మామ వేసిన మాటు నాయనా. ఆయనా నీకు మల్లే చేతులు ఊరకుండని మనిషి. సొట్ట తీయబోయి చిల్లు పొడిచాడు. సీసం పోసి అతికాడు. ఎన్నిసార్లు పోసినా చెమ్మ కారేది."

"మరి?" అంది మా ఆవిడ.

"మరేం చేస్తాం, కొత్తది కొనే రోజులా అవి? తోమించి నీకు పెట్టాం."

చావిడిలో బర్రె నమిలే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మా ఆవిడ తల్లి వంక చూసింది, బిళ్ల వంక చూసింది. "పదేళ్లు ఆ బిందె మోశానమ్మా. రోజూ కోక తడిసేది. నా నడక బాగా లేదనుకున్నా."

సీసం, తగరం కలిపిన మాటు 200 డిగ్రీలు అటూ ఇటూ అయితే కరిగిపోతుంది, ఇత్తడి కరగాలంటే 900 దాటాలి అని చెబుదామనుకున్నాను. పాతికేళ్లలో మొదటిసారి నోరు మూసుకున్నాను. తల్లీకూతుళ్ల మధ్య సెగ చూస్తే అంతకంటే తక్కువేం లేదు.

ఆ పగిలిన బిందెలో ఇప్పుడు మట్టి పోసి తులసి పెట్టాం. చిల్లు బిందె నీళ్ల తొట్టి పక్కన బోర్లించి ఉంది, నేను ముట్టుకోకూడదన్న షరతు మీద. బిళ్ల మాత్రం నేనే దాచుకున్నాను. మామగారిని నేను చూడలేదు, మా పెళ్లి నాటికే పోయారు. దాన్ని అరచేతిలో పెట్టుకుంటే ఆ ఇంటికి నేను సరైన అల్లుణ్ణేనని నమ్మకం కుదురుతుంది.