పల్నాటి పద్ధతిలో పైకి రావడం ఎలా?

జీవితంలో పైకి రావడానికి వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు కొనకండి, డబ్బు దండగ. 12వ శతాబ్దంలోనే మన పల్నాటి వాళ్లు అన్నీ చేసి చూపించారు.

పెద్ద నిర్ణయం ఏదైనా కోడికి వదిలేయండి. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు కోళ్ల మీద రాజ్యాన్నే పందెం కాశాడు. చివరికి గురజాల మంత్రి నాగమ్మ పుంజు గెలిచింది, మాచర్ల రాజు మలిదేవుడి వాళ్లకి ఏడేళ్ల వనవాసం. ఎంత సులువుగా తేలిపోయిందో! నరసరావుపేటలో డిగ్రీయా, హైదరాబాద్‌లో కోచింగా అని తలపట్టుకునే కుర్రాళ్లు కుక్కుట శాస్త్రం తిరగేసి, ఆ రోజు గెలుపు డేగదో కాకిదో చూసుకుంటే సరి. (బ్రహ్మనాయుడు అన్ని కులాలకీ ఒకే చాప మీద కూడు పెట్టించాడు కూడా. అది పాటించక్కర్లేదు. ఫ్లెక్సీ మీద ఆయన బొమ్మ వేస్తే చాలు.)

రాజీకి పోకండి. వనవాసం అయ్యాక మలిదేవుడి తరఫున రాజ్యభాగం అడగడానికి గురజాల వెళ్లిన అలరాజు, అక్కడి రాజు నలగామరాజుకి స్వయానా అల్లుడు. అయినా చర్లగుడిపాడులో అతనికి విషం పెట్టేశారు. కాబట్టి గట్టు తగాదాలో బావమరిది కాఫీకి పిలిస్తే వెళ్లొద్దు, కోర్టుకే వెళ్లండి. జానెడు గట్టు కోసం ఎకరం అమ్మినా పర్లేదు, వాయిదా నాడు చొక్కా ఇస్త్రీ నలగకూడదు.

ఇక మిర్చి. 2023లో క్వింటా 20 వేలు దాటింది కనక ఏటా దాటుతుందని నమ్మండి. పక్కవాడు ఐదెకరాలు కౌలుకి చేస్తే మీరు పది చెయ్యండి. కాగితం అడిగితే ఆసామి నొచ్చుకుంటాడు, నోటిమాట చాలు. కళ్లంలోకి బేరగాడొస్తే కాయ పిడికెడు తీసి గలగలలాడించి, "ఇంకో వెయ్యి వేసుకో" అనండి. వాడు బండెక్కి వెళ్లిపోతే టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, వాటి మీద అప్పు తెచ్చి, కోటప్పకొండ తిరునాళ్లకి పక్కూరి వాళ్ల కన్నా ఎత్తైన ప్రభ కట్టించండి. 2025లో రేటు పడిపోయి, కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలని ధర కట్టాల్సి వచ్చింది. వస్తే వచ్చింది, ప్రభ ఎత్తు తగ్గలేదుగా!

ఈ సలహాలకి నేను ఫీజు పుచ్చుకోను. అన్నీ పాటించాక పొలం పాస్‌బుక్కు పట్టుకుని మా ఇంటికి రండి. నూటికి మూడు రూపాయలు వడ్డీ, మీరు కాబట్టి.