అజ్ఞాతవాసం అందరికీ ఎరుకే!

2015 ఆగస్టులో మన శ్రీసిటీ ఫాక్స్‌కాన్ ప్లాంటులో బిగించిన షియోమీ రెడ్‌మీ 2 ప్రైమ్ మార్కెట్లోకొస్తే, ‘మన ఊరి ఫోను’ అని మురిసిపోయాం. గోప్యతకే పెద్దపీట అన్నది కంపెనీ మాట. 2020 ఏప్రిల్ చివర్లో ఫోర్బ్స్ పత్రిక గుట్టు విప్పింది. అదే కంపెనీ బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో అనే అజ్ఞాత మోడ్‌లోకి దూరినా, చూసిన సైట్ల చిట్టా సర్వర్లకు చేరుతోందని ఓ భద్రతా పరిశోధకుడు తేల్చాడట. అబ్బే, అబద్ధమంది కంపెనీ. పేర్లు లేకుండా, మీరు సరేనన్నాకే పోగేస్తున్నామంది. ఆ వెంటనే అప్‌డేట్ పంపి, ఇన్‌కాగ్నిటోలో సమాచార సేకరణ ఆపుకోడానికి ఓ మీట కూడా పెట్టింది. లేని దొంగకు తాళమెందుకో!

గూగుల్ తక్కువ తిన్లేదు. అమెరికాలో క్రోమ్ ఇన్‌కాగ్నిటో కేసులో జనం బ్రౌజింగ్ తాలూకు వందల కోట్ల రికార్డులు చెరిపేస్తామని 2024లో ఒప్పుకుంది. చెరపాలంటే ముందు రాసుకుని ఉండాల గదా సామీ!

ఇన్‌కాగ్నిటో తెరిస్తే కనబడే ఆ టోపీ, కళ్లద్దాల బొమ్మ మీ బ్రౌజింగ్ చరిత్రను దాచేది ఇంట్లోవాళ్ల దగ్గరే, కంపెనీల దగ్గర కాదు. ఆండ్రాయిడ్ ఫోనుంటే ఇప్పుడే సెట్టింగుల్లోకెళ్లి ప్రకటనల కోసం మీ జాడ పట్టిచ్చే ప్రకటనల ఐడీనైనా డిలీట్ కొట్టండి.