మినపగుళ్లూ చక్రవడ్డీ

విశాఖపట్నం బదిలీ అయినప్పుడు నాతోపాటు వచ్చినవి రెండు సూట్‌కేసులూ ఒక పాలగిన్నే. అమ్మాయి ఇంటర్ అయ్యేదాకా ఇల్లు కదిలేది లేదని మా ఆవిడ రాజమండ్రిలోనే ఉండిపోయింది. దాంతో నా పొద్దుటి పూటలు వీధి చివరి టిఫిన్ బండి పాలయ్యాయి. నాలుగు ఇడ్లీ 40, టీ 15. పదింటికి బ్యాంకు గేటు దగ్గర ఇంకో టీ, మరో 15. దారిలో నీళ్ల సీసా 20. రాత్రి చారులోకని పొద్దున్నే తోపుడుబండి మీద కొత్తిమీర కట్ట 10. విడివిడిగా చూస్తే అన్నీ చిల్లరే. ఒక నెలాఖరు రాత్రి నిద్రపట్టక కూడితే సరిగ్గా వంద తేలింది.

వంద అంటే మామూలు మనిషికి వందే. బ్యాంకువాడికి అక్కడితో ఆగదు. ఏడాదికి 36,500. నాకింకా 8 ఏళ్ల సర్వీసుంది. నెలకు 3,000 చొప్పున 7 శాతం వడ్డీకి ఆర్.డి. కడితే, రిటైరయ్యే నాటికి 3,80,000 దాటుతుంది. అంటే రోజూ అల్లం చట్నీలో ముంచుకుని నా పెన్షన్ నేనే తినేస్తున్నానన్నమాట.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"ఇక నుంచి అన్నీ ముందురోజే ప్లాన్ చేసుకుంటా" అన్నాను.

"ఏం చేసుకుంటారు?"

"ప్లాన్."

అవతల కాసేపు చప్పుడు లేదు. "ఇరవై రెండేళ్లుగా రాత్రిళ్లు పప్పు నానబోస్తున్నాను. దానికి ఆ పేరుందని నాకు తెలీదు సుమండీ" అంది.

పొదుపుకి పెట్టుబడి కావాలి. మిక్సీలో రుబ్బితే ఇడ్లీ ఇటుకలా వస్తుందని మా క్యాషియర్ భయపెట్టాడు. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కి జి.ఐ. గుర్తింపు కూడా ఉందని చెప్పి, మా ఆత్రేయపురం పూతరేకుల పక్కన దాన్ని నిలబెట్టాడు. గ్రైండర్ 4,500. ఇడ్లీ పాత్ర 1,100. ఫ్లాస్కు 900. స్టీలు బాక్సు 450. మొత్తం 6,950 రూపాయలు. రోజుకి వంద మిగిలినా డెబ్బై రోజులకి గానీ అసలు చేతికి రాదు. ఏ లోన్‌కైనా మొదట్లో ఇలాగే ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

ఇడ్లీ సంగతి నాకు తెలియనిది ఒకటుంది. దాన్ని వెనక నుంచి ముందుకి లెక్కపెట్టాలి. పొద్దున ఏడున్నరకి తినాలంటే పిండి ఎనిమిది గంటలైనా పులవాలి. అంటే రాత్రి పదికల్లా రుబ్బడం, రవ్వ కడిగి పిండి కలపడం అయిపోవాలి. దానికి ముందు మినపగుళ్లు నాలుగైదు గంటలు నానాలి. అంటే సాయంత్రం ఐదింటికి పోయాలి. ఐదింటికి నేను బ్యాంకులో ఉంటాను. కాబట్టి పొద్దున ఎనిమిదిన్నరకి, ఇవాళ్టి ఇడ్లీ ఇంకా గొంతు దిగకుండానే, రేపటి ఇడ్లీకి పప్పు నానబోసి బయల్దేరాలి. రేపు పొద్దున నాకు ఇడ్లీ తినాలనిపిస్తుందో లేదో ఇరవై మూడు గంటల ముందే తెలియాలి. నా మనసు నాకు అంత బాగా తెలుసని ఎప్పుడూ అనుకోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన డిపాజిట్ రెన్యువల్‌కి సంతకం పెడుతుంటే "అయ్యో, నానబొయ్యలేదు" అని పైకే అనేశాను. ఆయన పెన్ను ఆపి, "ఏం బాబూ, వడ్డీ తగ్గిందా?" అన్నాడు పాపం.

రెండో చిక్కు, గ్రైండర్‌కి ఒంటరివాళ్ల మీద దయ లేదు. గ్లాసు పప్పుకి తగ్గితే రాళ్లకి అందదు. గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల రవ్వ. ఆ పిండితో ఊరేగింపుకి భోజనం పెట్టొచ్చు. రెండ్రోజులు ఇడ్లీ, మూడోనాడు అట్టు. నాలుగోనాడు పిండి మూత తీస్తే అదే నన్ను చూసి మొహం చిట్లించేది. పారేయడానికి చెయ్యి రాక పునుగులు వేసేవాణ్ని. పునుగులకి నూనె. పునుగులన్నీ ఒక్కణ్నే తినలేక కింద ఇంటివాళ్లకి ఒక గిన్నెడు. వాళ్లు ఖాళీ గిన్నె తిరిగివ్వడం మర్యాద కాదని అందులో ఆవకాయ వేసి ఇచ్చారు. ఈ పథకం మొత్తంలో లాభమంటూ వచ్చింది ఆ ఆవకాయ ఒక్కటే.

ఆదివారాలు ఎం.వి.పి. కాలనీ రైతు బజారుకి వెళ్లి వారానికి సరిపడా కూరలు తెద్దామనుకున్నాను. 1999లో ఈ బజార్లు మొదలైనప్పటి నుంచీ బోర్డు మీద రోజువారీ ధరలు రాసిపెడతారు, బేరమాడే శ్రమ ఉండదు. కొత్తిమీర, టమాటా, వంకాయ అన్నిటి మీదా కలిపి 14 రూపాయలు మిగిలాయి. స్కూటర్ మీద రానూపోనూ 8 కిలోమీటర్లు, లీటరుకి నలభై ఇచ్చే బండి, వంద దాటిన పెట్రోలు. ఆ లెక్క నోట్‌బుక్కులో రాయలేదు. తడిగుడ్డలో చుట్టిన కొత్తిమీర బుధవారానికి నాచులా తయారైన సంగతీ రాయలేదు. ఫ్లాస్కులో పోసిన టీ గురించి అసలు మాట్లాడను. పదింటికి అది టీ అని గుర్తుపట్టింది మా అటెండర్ ఒక్కడే, అదీ రంగుని బట్టి.

జనవరిలో పిండి పొంగడం మానేసింది. "చలికి అంతే. ఎక్కడైనా కాస్త వెచ్చగా ఉన్నచోట పెట్టండి" అంది మా ఆవిడ ఫోన్‌లో. ఇల్లంతా చెయ్యి పెట్టి చూస్తే ఇన్వర్టర్ మీద గోరువెచ్చగా తగిలింది. గిన్నె అక్కడ పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికి టప్, టప్ అని చప్పుడు. కుళాయి అనుకున్నాను. లైటు వేసి చూస్తే, పిండి మూతని పైకెత్తి, గిన్నె అంచు దాటి, తెల్లటి నాలుకలా ఇన్వర్టర్ పక్కల సందుల్లోకి నింపాదిగా దిగుతోంది. పైన బుడగ ఒకటి ఉబ్బి, నా కళ్ల ముందే పగిలింది. అంత బాగా పులిసిన పిండి మళ్లీ నా చేతుల మీదుగా రాలేదు. మెకానిక్ 600 తీసుకుని, "ఇందులో ఇడ్లీలు వెయ్యకూడదు సార్" అని సలహా ఉచితంగా ఇచ్చాడు.

గిన్నెలో మిగిలిన పిండితో ఆ రోజు ఆరు ఇడ్లీలు వేశాను. చట్నీకి కొబ్బరి లేదు, వేరుశెనగ గుళ్లు మాడిపోయాయి. ఆలోచించి, ఇడ్లీలు బాక్సులో పెట్టుకుని వీధి చివరికి నడిచాను.

"ఏటి బాబూ, ఊరెల్లిపోనారేటి? అగుపడ్డం మానేసినారు" అంది బండి ఆవిడ.

"చట్నీ... ఒక్క చట్నీ ఇస్తారా? ఎంతో చెప్పండి."

ఆవిడ బాక్సులోకి తొంగిచూసింది. అట్టు తిరగేస్తున్న ఆయన కూడా వచ్చి చూశాడు. బొటనవేలితో ఒక ఇడ్లీని నొక్కి, అది మళ్లీ పైకి లేస్తుందేమోనని కాసేపు ఆగాడు.

"రవ్వ గట్టిగా పిండలేదండి" అన్నాడు, డాక్టరు రిపోర్టు చదివినట్టు.

ఆవిడ అల్లం చట్నీ ఒక గరిటె, పల్లీ చట్నీ రెండు గరిటెలు బాక్సు మూతలో పోసింది. పైన కారప్పొడి చల్లి నెయ్యి కూడా వేసింది. డబ్బు తియ్యబోతే, "చట్నీకి డబ్బులేటి బాబూ" అని చెయ్యి అడ్డం పెట్టింది. చుట్టూ ప్లేట్లు పట్టుకున్న పదిమంది నన్నే చూస్తున్నారు.

ఆ రాత్రి నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇడ్లీ: 0. చట్నీ: 0. నెయ్యి: 0. మొహమాటానికి ప్లేటు పూరీ: 50.