ఒక టెండరు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ ఆటవెలది ఏ కావ్యంలోదీ కాదు. ఒకానొక పట్టణంలో, ఒకానొక ఆఫీసులో, నోట్‌ఫైలు మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసి దొరికిందని ప్రతీతి. వ్యాఖ్యాతే రాసుకుని ఫైలు మీదికి నెట్టాడని గిట్టనివాళ్ల ప్రచారం. మెదక్ సీమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్యానం రాసి పుణ్యం కట్టుకున్నాడు. టెండరు నోటీసులకి అలాంటి దిక్కు లేక, అవి ఎవరికి తోచినట్టు వాళ్లకి అర్థమవుతూ వచ్చాయి. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

ఖర్చు తగ్గవలయు గాని నాణ్యత తగ్గ
రాదు; టెండరేసి రమ్మనుండి;
తక్కువెవరు చెప్ప దక్కు వారికె పని;
పనికి వచ్చు వాడు పాతవాడె.

టీక

ఖర్చు = జీతాల పద్దు; తగ్గవలయున్ = తగ్గి తీరాలి; కాని = అయినా సరే; నాణ్యత = (దీనికి నిర్వచనం టెండరు షరతుల్లో కనపడదు, సందర్భాన్నిబట్టి ఊహించుకోవాలి); తగ్గరాదు = తగ్గినట్టు తెలియరాదు; టెండరేసి = టెండరు వేసి (వకారం లోపించింది; ఎక్కడికి పోయిందన్నది ఆడిట్ వాళ్లు తేల్చాలి); రమ్మనుండి = ఏజెన్సీలకు కబురు పెట్టండి; తక్కువ = ఎల్-1; ఎవరు చెప్పన్ = ఎవరు కోట్ చేస్తే; వారికె పని దక్కున్ = వర్క్ ఆర్డరు వారి పేరనే వస్తుంది; పనికి వచ్చు వాడు = తెల్లారకముందే మస్టరు పాయింటు దగ్గర ఫోనుకి ముఖం చూపించి హాజరు వేయించుకునేవాడు; పాతవాడె = నిన్న వచ్చినవాడే.

తాత్పర్యం

డబ్బు మిగలాలి, పని మాత్రం చెడకూడదు. అందుకని ఏజెన్సీని మారుస్తాం. ఏజెన్సీ మారితే చొక్కా వెనక పేరు మారుతుంది. చొక్కాలో మనిషి మారడు.

విశేషాలు

‘తగ్గవలయు’ అన్న క్రియకి ఖర్చు కర్తృపదం. ఎవరికి తగ్గాలో చెప్పే పదం మాత్రం పద్యంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. ప్రాచీన వ్యాఖ్యాతలైతే ‘సర్కారుకు’ అని పూరిస్తారు. లెక్క వేసి చూడకుండా ఆ పూరణ ఒప్పుకోవడం పండిత లక్షణం కాదు.

లెక్క ‘తక్కువ’ దగ్గర మొదలవుతుంది. పద్యానికంతటికీ ఊపిరి ఈ మాటే. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి ఉత్తర్వు ప్రకారం ఔట్‌సోర్సింగ్ అటెండరుకి నెలకి 15,000. ఏజెన్సీ దీన్ని తగ్గించడానికి లేదు. దానిమీద యజమాని వాటా పీఎఫ్, దాని బీమా, నిర్వహణ చార్జీలు కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ 3.25 శాతం, అంటే 487.50. ఇవీ చట్టం చెప్పిన అంకెలే. వెరసి 17,437.50. ఇంతవరకు ఏ మహానుభావుడు కోట్ చేసినా పైసా తేడా రాకూడదు. ఇక పోటీ పడటానికి మిగిలింది కమీషన్ ఒక్కటే. తక్కువ చెప్పినవాడిదే పని అన్నప్పుడు కమీషన్ జారుతూ జారుతూ సున్నా దాకా వస్తుంది. సర్కారు కొనుగోళ్లు జరిగే జెమ్ పోర్టల్‌లో మనుషుల సరఫరా టెండర్లకి కమీషన్ 3.85 శాతానికి తగ్గకూడదని కేంద్ర ఆర్థిక శాఖ 2023లో గీత గీయాల్సి వచ్చింది. అమ్మేవాడు మరీ చవగ్గా అమ్ముతున్నాడని కొనేవాడే కంగారుపడి కనీస ధర కట్టిన ఘట్టం మన వాఙ్మయంలో అరుదు.

సున్నాకి ఒప్పుకున్నవాడు ఏం తిని బతుకుతాడన్నదే ఇక్కడి ధ్వని. వాచ్యంగా ఎవరూ చెప్పరు. ఉద్యోగంలో చేర్పించినందుకు ఇంత, రెన్యువల్‌కి ఇంత, పీఎఫ్ కట్ చేస్తారుగాని కట్టరు, జీతం మూడోనెలలో పడుతుంది. రసికులు గ్రహిస్తారు. పిల్లల ఫీజు కట్టాల్సినవాడైతే మరీ తొందరగా గ్రహిస్తాడు.

సరే, కేంద్రం గీసిన గీతే మన అటెండరుకీ వేద్దాం. కమీషన్ 671 రూపాయలు. ఆపైన మొత్తంమీద 18 శాతం జీఎస్టీ, 3,260. (మున్సిపాలిటీ పారిశుధ్యానికైతే పన్ను మినహాయింపు ఉంది గాని, మనవాడు తాసిల్దారు ఆఫీసులో పనిచేస్తున్నాడనుకోండి.) ఖజానా నుంచి కదిలేది నెలకి 21,368. తన వాటా పీఎఫ్, ఈఎస్ఐ పోగా అతని చేతికి వచ్చేది 13,087.50. పీఎఫ్ రేపు అతనికే వస్తుంది కనుక అది పోయినట్టు కాదు. కమీషన్, జీఎస్టీ కలిపిన 3,930 పైచిలుకు మాత్రం ఆ ఆఫీసులో ఒక్క ఫైలునీ ఒక టేబులు మీదినుంచి ఇంకో టేబులు మీదికి మొయ్యదు. జీఎస్టీలో సగం చుట్టుతిరిగి రాష్ట్రానికే వస్తుందంటారు. వస్తుంది. ఆ చుట్టు ఎందుకు తిరగాలో ఎవరూ చెప్పరు.

మరి ఆదా ఎక్కడుంది? 2022 పీఆర్సీలో పర్మనెంటు ఉద్యోగికి కనీస మూలవేతనం 20,000. దానిమీద డీఏ, హెచ్ఆర్ఏ, ఏటా ఇంక్రిమెంటు, సెలవులు. ఆదా అంతా ఆ జీతానికీ ఈ 15,000కీ నడుమ ఉంది. ఏజెన్సీ తెలివితేటలవల్ల పుట్టింది కాదది, పాతవాడి కంచంలోంచి తీసింది. కాబట్టి ‘ఖర్చు’ అన్న మాటకి ‘ఇంకొకరి రాబడి’ అని అర్థం చెప్పడమే సాధువు.

‘పనికి వచ్చు’ అన్నచోట శ్లేష. పనిలోకి వచ్చేవాడు, అక్కరకు వచ్చేవాడు, ఇద్దరూ ఒక్కడే. ఇది కవి చమత్కారమే అనుకునేవాళ్లు 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన జగ్గో కేసు తీర్పు చదవాలి. కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ల తరబడి ఊడ్చిన ఆడవాళ్లని తీసేసి, ఆ ఊడ్పు పనినే ఏజెన్సీకి ఇచ్చారు. పని అవసరం లేకపోతే ఏజెన్సీకి ఎందుకిచ్చారన్నది మామూలు మనిషికి తట్టే ప్రశ్న. కోర్టుకీ తట్టింది. వాళ్లని రెగ్యులరైజ్ చెయ్యమంది.

‘దక్కు’ అన్నదీ గమనించదగ్గది. దక్కేది పనే, బాధ్యత కాదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 21వ సెక్షన్‌లో, కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించి తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలని రాశారు. అంటే పెనం మీది వేడి ఎటు తిప్పినా ఆఫీసుకే తగులుతుంది. ఈ సెక్షన్ గురించి అడిగినవాడికి ‘బిల్లు ట్రెజరీలో ఉంది’ అని జవాబు వస్తుంది. ఇది కవిసమయం.

విరోధాభాసకి ఉదాహరణ ఆప్కాస్. దళారీలు కమీషన్ తింటున్నారని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తనే ఒక కార్పొరేషన్ పెట్టి, 2020లో ఔట్‌సోర్సింగ్ వాళ్లని దాని కిందికి తెచ్చింది. కమీషన్ బెడద పోయినందుకు సంతోషించాలి. అయితే ప్రభుత్వం తన పనివాళ్లని తన దగ్గరే ఔట్‌సోర్స్ చేసుకున్నట్టయింది. అద్దంలో చూసి ‘ఈయనెవరో మావాడు కాడు’ అనడం దీనికి లక్ష్యం.

శంక. అలాగైతే బయటివాళ్లకి అప్పగించిన ప్రతి పనీ చెడినట్టేనా?

సమాధానం. కాదు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లండి. ‘ఏ’ కౌంటరులో కూచుని మీ ఫోటో తీసి, వేలిముద్రలు పట్టి, కాగితాలు స్కాన్ చేసేవాళ్లు టీసీఎస్ మనుషులు. ‘బీ’ కౌంటరులో కాగితాలు తరచి చూసేవాళ్లు, ‘సీ’ కౌంటరులో ఇవ్వాలో వద్దో తేల్చేవాళ్లు సర్కారు ఉద్యోగులు. ఏది అప్పగించాలో, ఏది తన దగ్గర ఉంచుకోవాలో రాసుకున్నాకే 2008లో ఒప్పందం కుదిరింది. ఇక్కడ కొన్నది పనిని, తలకాయల్ని కాదు. మన టెండర్లలో మాత్రం ‘వీధి ఊడ్చి ఉండాలి’ అని రాయరు, ‘ఇంతమంది ఉండాలి’ అని రాస్తారు. కాబట్టి ఇన్‌స్పెక్టరు వీధి చూడడు, హాజరు చూస్తాడు.

108 అంబులెన్సు మధ్యస్థం. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఫోను చేస్తే బండి ఎంతసేపట్లో వచ్చిందో కొలవచ్చు కనుక నాణ్యతకి కాస్త అర్థం దొరికింది. ఆంధ్రలో నడిపే సంస్థలు తర్వాత మారుతూ వచ్చాయి. స్టీరింగు దగ్గర పైలట్లు, వెనక ఈఎంటీలు మాత్రం చాలావరకు పాతవాళ్లే. కొత్త సంస్థ వచ్చినప్పుడల్లా పాత బకాయి ఎవరు కడతారని అడగడం వాళ్ల నిత్యానుష్ఠానం.

పాఠాంతరం

ఆఫీసు ప్రతిలో నాలుగో పాదం ‘పనికి వచ్చు వాడు కొత్తవాడె’ అని ఉంది. పకారానికి కకారంతో యతి చెల్లదు కనుక ఇది అపపాఠమని లాక్షణికులు కొట్టేస్తారు. తొందరపడకూడదు. సర్వీసు పుస్తకం లేని చోట, ఏజెన్సీ మారినప్పుడల్లా చేరిన తేదీ కొత్తగా పడుతుంది. పదిహేనేళ్లుగా అదే వీధి ఊడుస్తున్న మనిషి రికార్డులో మొన్న ఏప్రిల్ ఒకటినే చేరాడు. అనుభవం గడిలో ‘లేదు’ అని ఉంటుంది. కాబట్టి ఛందస్సుకి ‘పాతవాడె’, రికార్డుకి ‘కొత్తవాడె’, రెండు పాఠాలూ గ్రాహ్యాలే.