అన్ని కెమికల్స్‌నూ ఆపే గ్లౌజును కాను

నేను నీలం రంగు నైట్రైల్ గ్లౌజును. పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ స్టోర్ నుంచి నైట్ షిఫ్టు హెల్పర్ చేతికి వచ్చాను. డ్రమ్ముల్లోని డీఎంఎఫ్ అనే సాల్వెంట్‌ను రియాక్టర్‌కు ఎక్కించడం అతని పని. హోస్ విప్పుతుంటే మిగిలినది కారి నా వేళ్లన్నీ తడిశాయి.

"అన్నా, గ్లౌజులు మార్చాల్నా?"

"చినిగిందా? లేదు గదా, నడిపియ్" అన్నాడు ఆపరేటర్.

నిజమే, నేను చినగలేదు. చిల్లూ పడలేదు. కానీ డీఎంఎఫ్‌కు చిల్లు అక్కర్లేదు. నాలాంటి పల్చటి నైట్రైల్‌లోంచి నిమిషాల్లోనే ఇంకి అవతలికి చేరుతుంది. లోపల చెయ్యి చెమటతో నాని ఉంది, ఆరే దారి లేదు. మంట లేదు, బొబ్బ లేదు. చర్మం మాత్రం తాగుతూనే ఉంది.

మర్నాడు నన్నే మళ్లీ తొడుక్కుంటూ తోటివాడితో చెప్పాడు: డ్యూటీ దిగినాక కల్లు తాగితే మొఖమంతా ఎర్రగా కందిందని, ఎండదెబ్బేమోనని. ఎండ కాదు. ఒంట్లో డీఎంఎఫ్ ఉంటే లివర్ మద్యాన్ని సరిగా అరిగించలేదు. రోజూ ఇలాగే ఎక్కితే ఆ లివరే దెబ్బతింటుంది.

1996లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కారెన్ వెటర్‌హాన్ అనే రసాయన శాస్త్రవేత్త లేటెక్స్ గ్లౌజు మీద డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు పడ్డాయి. గ్లౌజులోంచి ఇంకిన ఆ విషంతోనే మరుసటి ఏడాది జూన్‌లో ఆమె చనిపోయారు. అంత చదువుకున్న మనిషినే నమ్మించి ముంచింది మా జాతి. డ్రమ్ము మీద ఇంగ్లీషు లేబుల్ చదవలేని హెల్పర్ ఏం చేయగలడు?

డీఎంఎఫ్‌కు బ్యూటైల్ రబ్బరు గ్లౌజు కావాలి. డీసీఎం అనే మరో సాల్వెంట్‌కు అదీ ఆగదు, పొరల లామినేట్ గ్లౌజు ఉండాలి. ఏ కెమికల్‌కు ఏ గ్లౌజో సేఫ్టీ డేటా షీట్ ఎనిమిదో భాగంలో చూడాలి. దాన్ని తెలుగులో, హిందీలో, ఒడియాలో రాసి డ్రమ్ముల దగ్గరే అంటించాలి. అసలు పంపు, మూసిన లైను పెడితే చెయ్యి తడిసే పనే ఉండదు. ఖర్చంటారు గానీ, లివర్ కన్నా ఖరీదా?

విష పదార్థాల వల్ల వచ్చే కామెర్లను, 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం తన మూడో షెడ్యూల్‌లో చేర్చింది. అలాంటి కేసు చూసిన డాక్టరు చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాసి పంపాలని 89వ సెక్షన్‌లో పెట్టింది. పటాన్‌చెరు చుట్టుపక్కల డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే: కళ్లు పచ్చబడి వచ్చిన కార్మికుణ్ని తాగుతావా అని అడిగి ఊరుకోకండి. ఏ కెమికల్‌తో పని, చేతికి ఏ గ్లౌజు అని కూడా అడగండి.